తాగవచ్చు అని రాసిన బోర్డు

నాకు కోపం ఎక్కువని బంధువుల్లో పేరు. ఆ కోపం దేనిమీదో మాత్రం ఎవరూ చెప్పరు, కాబట్టి నేనే చెబుతాను. భాషను ఎలా పడితే అలా వాడితే నాకు ఒళ్లు మండుతుంది. టీవీలో వార్తలు చదివే అమ్మాయి "ప్రమాదం జరగడం జరిగింది" అనగానే, జరిగింది అంటే చాలదా తల్లీ అని ఇంట్లో కూర్చుని అరుస్తాను. మా బంధువుల ఫోన్ గ్రూపులో ఒక పెద్దాయన పోయిన వార్త వచ్చిన రోజు ఎవరో "వారి ఆత్మకు శాంతి చేకూరాలని శుభాకాంక్షలు" అని పెట్టారు. ఆ వెంటనే మిగతావాళ్లంతా అదే ముక్కను తెచ్చి వరసగా అతికించారు. చావుకు శుభాకాంక్షలు ఏమిటర్రా అని నేను రాస్తే, "పిన్నీ, భావం చూడాలి గానీ తప్పులు పట్టకూడదు" అని జవాబు వచ్చింది. భావం చూడడానికి ఆ వాక్యం తప్ప నా దగ్గర ఇంకేముంది?

మేముండేది తెలుగు సరిహద్దుకు ఇవతల, హిందీ రాష్ట్రంలో ఉన్న దోర్నపాల్‌లో. నేను ఉద్యోగం చేసినంత కాలం బడిలో హిందీ చెప్పాను. హిందీలో పుస్తకం కూడా ఆడదే. "మేరా కితాబ్" అని రాసిన పిల్లలను కూర్చోబెట్టి "మేరీ కితాబ్" అని మళ్లీ మళ్లీ రాయించిన దాన్ని. ఇంట్లో తెలుగు, బడిలో హిందీ, వీధిలో గోండీ, దోర్లీ. ఇక్కడ అందరి బతుకూ అంతే. సంతలో ఒక మనిషి గోండీలో బేరం మొదలుపెట్టి, హిందీలో తెగ్గొట్టి, తెలుగులో గొణుక్కుంటూ పోవడం రోజూ చూస్తాను. దాని మీద నాకే ఫిర్యాదూ లేదు. ఆ మనిషి మాటల్లో ఎవరు చేశారో, ఎప్పుడు చేశారో, అసలు చేశారో లేదో ఎక్కడా తేడా రాదు. భాషలు కలిపినందుకు కాదు నా కోపం. రాసే ముందు ఒక్కసారి చూసుకోని వాళ్ల మీద, చూపించినా "ఏముందిలే" అనేవాళ్ల మీద.

ఆ "ఏముందిలే" మా అక్క మీదికి వచ్చిన సంగతి ఇప్పుడు చెప్పాలి.

మా పుట్టిన ఊరు గొల్లపల్లికి దగ్గర్లో ఒక చిన్న పల్లె. నాయిన సేద్యం చేసేవాడు. సరిహద్దు అవతల తెలుగు బడిలో కొంత చదువుకున్నాడు. మా ఊళ్లో బడి వచ్చేసరికి అది హిందీ బడి. అప్పటికే అక్క పెద్దదైంది, పొలం పనికి ఆమె చెయ్యి కావాలి. ఆమెను బడికి పంపలేదు. అందుకు పరిహారమన్నట్టు నాయిన ఆమెకు ఇంట్లోనే తెలుగు నేర్పాడు. వానాకాలం సాయంత్రాలు వాకిట్లో తడి మట్టి మీద పుల్లతో గీసి దిద్దించేవాడు. ఒత్తు తప్పితే చెరిపి మళ్లీ గీయించేవాడు. తర్వాత నన్ను హాస్టలుండే బడికి, ఆశ్రమశాలకు పంపాడు. నేను హిందీలో చదివి టీచరునయ్యాను. అక్క ఆ ఊళ్లోనే పెళ్లిచేసుకుని ఆ ఊళ్లోనే ఉండిపోయింది. ఆమెకు చదవడం వచ్చిన భాష తెలుగు ఒక్కటే. పాత క్యాలెండరు, మందుల సంచి మీద అక్షరాలు, భద్రాచలం నుంచి వచ్చే బస్సు పేరు, ఏది దొరికితే అది కూడబలుక్కుని పైకి చదివేది. రాసింది ఏదైనా సరే ఆమెకు నమ్మకం. రాసేవాళ్లు తెలిసే రాస్తారని నాయిన చెప్పాడు మరి.

అక్క కోడలిది దంతెవాడ వైపు. ఇంట్లో హల్బీ మాట్లాడుకునే కుటుంబం. హిందీలో పదో తరగతి దాకా చదివింది. తెలుగు మా ఇంటికి వచ్చాకే నేర్చుకుంది. "నేను నీళ్లు తెస్తది అత్తా" అంటుంది ఇప్పటికీ. ఆ అమ్మాయి అలా అంటే నాకు ఎన్నడూ కోపం రాలేదు. తనది కాని భాషను మా కోసం పట్టుకుని తంటాలు పడుతోంది. నేను సరిచేస్తే నవ్వి, సరిగ్గా ఒకసారి అని, మళ్లీ మర్చిపోతుంది.

మొన్నటి వానల్లో మా ఊరి వాగు పొంగి వీధుల్లోకి వచ్చింది. అక్కవాళ్ల ఇంటి ముందరి బోరింగు నీళ్లలో మునిగింది. వరద తీశాక ఎవరో వచ్చి నీళ్లు సీసాలో పట్టుకుపోయి పరీక్ష చేయించారు. కొన్నాళ్లకు ఆ బోరింగుకు ఒక రేకు బోర్డు కట్టారు. పైన హిందీ, కింద తెలుగు. తాగే నీళ్లకు ఊరి చివర పొలంగట్టున ఉన్న ఇంకో బోరింగుకు పోవాలి. అక్కకు మోకాళ్ల నొప్పులు. అంత దూరం బిందె మోయడం ఆమెవల్ల కాదు.

బోర్డు కట్టిన సాయంత్రమే అత్తాకోడళ్ల మధ్య మాట పెరిగింది. ఆ గొడవను తర్వాత ఇద్దరూ విడివిడిగా నాకు చెప్పారు. ఇద్దరూ ఒకేలా చెప్పారు.

"అత్తా, ఆ నీళ్లు వద్దు. బోర్డు మీద పీనే యోగ్య నహీ అని ఉంది" అంది కోడలు.

"నాకు కండ్లు లేవా ఏంది? కింద తెలుగుల రాసిండ్రు గద. తాగవచ్చు అని రాసిండ్రు."

"తాగొద్దు అని ఉంటది అత్తా. నువ్వు తప్పు చదివినవ్."

ఆ మాట అక్కకు తగిలింది. జీవితంలో ఆమె బడి మెట్టెక్కలేదు. ఉన్నది నాయిన నేర్పిన నాలుగు అక్షరాలు. అవీ తప్పంటే ఎలా ఓర్చుకుంటుంది? "నా సదువు నాకు తెల్వదా? నీకు తెలుగు మాట్లాడొస్తదా సక్కగ, నాకు సదువు చెప్తున్నవ్?" అని గట్టిగా అని, ఆ బోరింగు దగ్గరికే పోయి, అందరూ చూస్తుండగా దోసిలి పట్టి తాగింది. కోడలు తనకూ పిల్లలకూ దూరపు బోరింగు నుంచి తెచ్చుకుంది. ఆ ఇంట్లో కొన్నాళ్లు రెండు బిందెలు వేరువేరుగా ఉన్నాయి.

తర్వాత అక్కకు వాంతులు, విరేచనాలు పట్టుకున్నాయి. మా అక్క కొడుకు ఆమెను జీపులో వేసుకుని కోంటా తీసుకెళ్లి ఆసుపత్రిలో చేర్చాడు. నాకు ఫోన్ వస్తే దోర్నపాల్ నుంచి బస్సెక్కి వెళ్లాను. అక్క మంచంలో ఒక మడత పెట్టిన చీరలా ఉంది. చేతికి సెలైన్ సూది. కళ్లు లోపలికి పోయాయి. నన్ను చూసి మొదట అన్నమాట ఇది:

"చెల్లె, నేను తప్పు చదవలే. తాగవచ్చు అనే ఉన్నది. నువ్వు పోయి చూడు."

పక్కనే నిలబడ్డ కొడుకు, "ఇప్పుడు అదంతా ఎందుకే అమ్మా" అన్నాడు. కోడలు తల దించుకుని ఉంది. ఇంట్లో అందరూ ఆమెకు చూపు సరిగా ఆనలేదని తీర్మానించుకున్నారు. ఆమెను ఎవరూ ఏమీ అనలేదు. జాలిగా చూశారు, అంతే. ఆ జాలి ఆమెను జబ్బుకంటే ఎక్కువ కుంగదీస్తోందని నాకు కనిపించింది.

ప్రాణానికి భయం లేదని డాక్టరు చెప్పాక నేను జీపెక్కి ఊరికి వెళ్లాను. ఇంటికి పోకుండా నేరుగా బోరింగు దగ్గర ఆగాను. పసుపు రంగు రేకు మీద నల్లటి అక్షరాలు. పైన హిందీలో, ఈ నీళ్లు తాగడానికి పనికిరావు అని స్పష్టంగా ఉంది. ఒక్క గుణింతం కూడా తప్పు లేదు. కింద తెలుగులో, అంతే పెద్ద అక్షరాలతో, అంతే అందంగా, "ఈ నీళ్లు తాగవచ్చు" అని ఉంది.

"ద్దు" ఉండాల్సిన చోట "చ్చు".

నేను అక్కడే నిలబడి చాలాసేపు ఆ రేకును చూశాను. అక్క కళ్లు సరిగ్గానే ఉన్నాయి. అక్క చదువు సరిగ్గానే ఉంది. ఆ ఊళ్లో ఆ బోర్డును తెలుగులో చదివినవాళ్లంతా ముసలివాళ్లు. హిందీ చదివినవాళ్లంతా పడుచువాళ్లు. హిందీ వచ్చినవాళ్లు బతికిపోయారు. తెలుగు వచ్చినవాళ్లకు విషపు నీళ్లు చూపించి, తాగండి అన్నారు. ఫోన్‌లో ఫోటో తీసుకున్నాను.

ఆ బోర్డులు రాయించిన ఆఫీసు ఎక్కడిదో చెప్పను. అక్కడి అధికారి వయసులో నా చివరి బ్యాచి పిల్లల కంటే కొంచెం పెద్దవాడు. మర్యాదగా కుర్చీ చూపించాడు, టీ తెప్పించాడు. ఫోటో చూపించి విషయం చెప్పాను. ఆయనకు తెలుగు రాదు, హిందీలోనే మాట్లాడుకున్నాం. అంతా విని, "అయ్యో, మీ అక్కగారికి ఇప్పుడెలా ఉంది?" అని అడిగాడు. అది మంచి మాటే. ఆ తర్వాతి మాటే నాకు మింగుడుపడలేదు.

"మేడమ్, ఒక్క అక్షరం అటూ ఇటూ అయింది. మామూలుగా జనానికి మతలబ్ అర్థమైతే చాలు కదా."

"అర్థమైంది బాబూ" అన్నాను. "సరిగ్గా అర్థమైంది. మీరు ఏం రాశారో మా అక్కకు అదే అర్థమైంది. అందుకే ఆసుపత్రిలో ఉంది."

ఆయన ఏదో అనబోయాడు. నేను ఆగలేదు. "పైన హిందీలో నహీ అని ఉంది కదా, దాన్ని తీసేసి బోర్డు పెట్టండి. అప్పుడు కూడా మతలబ్ అర్థమైతే చాలంటారా?"

"అది వేరు కదా మేడమ్."

"వేరేమీ కాదు. మీ భాషలో కాదని చెప్పడానికి విడిగా ఒక మాట ఉంది. మా భాషలో అది క్రియ చివర అతుక్కుని ఉంటుంది. ఆ చివర మారితే మొత్తం మాట తిరగబడుతుంది. మీకది ఒక అక్షరం. మాకది అవునూ కాదూ."

ఆయన ఫోటోను పెద్దది చేసి చూశాడు. రెండు ముక్కల్లో తేడా ఆయనకు కనబడటం లేదని తెలుస్తూనే ఉంది. చివరికి గంట కొట్టి ఒక కుర్రాణ్ణి పిలిపించాడు. కుర్రాడంటే చిన్నపిల్లవాడేం కాదు, పెళ్లయినవాడు, అక్కడ కంప్యూటరు పని చూసే ఉద్యోగి. "తెలుగు ఇతనే రాసి ఇచ్చాడు, ఇతను మీవాడే" అన్నాడు అధికారి.

మావాడే. తల్లిదండ్రులు ఆంధ్ర నుంచి గనుల టౌన్‌షిప్‌కు వచ్చి స్థిరపడ్డారట. అతను అక్కడే పుట్టి పెరిగాడు. నన్ను చూసి చక్కటి తెలుగులో "నమస్కారమండి" అన్నాడు. ఫోటో చూపించాను.

"మేడమ్, నేను తాగవద్దు అనే కొట్టానండి, ఇంగ్లీషు అక్షరాల్లో. ఫోన్ దాన్ని తెలుగులోకి మార్చి పైన ఇది చూపించింది. నొక్కేశాను."

"నొక్కేముందు చదువుకోలేదా నాయనా?"

"నాకు తెలుగు చదవడం రాదండి. మాట్లాడటమే వచ్చు."

"మరి వచ్చినవాళ్లను ఎవరినైనా అడగాలి కదా."

"టైమ్ లేదండి. వరద హడావిడి కదా. అయినా పెయింటరు అన్నాడు, అక్షరాలు బాగా కుదిరాయని."

చదవడం రాకపోవడం అతని తప్పు కాదు. అతను చదువుకున్న బళ్లో తెలుగు లేదు. ఇంట్లో ఎవరూ నేర్పలేదు. అది ఎందరికో ఉన్నదే. కానీ తనకు చదవడం రాని వాక్యాన్ని, నీళ్ల గురించిన వాక్యాన్ని, ఊళ్లకు ఊళ్లు చదువుకునే వాక్యాన్ని, ఒక వేలితో నొక్కి పంపించేసి, భోజనానికి వెళ్లగలిగాడే! అది రాకపోవడం కాదు. అది లెక్కలేకపోవడం. తెలుగు బోర్డును చదివేవాళ్లు ఎవరో ఉంటారని, వాళ్లు దాన్ని నమ్ముతారని అతనికి తట్టనే లేదు. ఏదో రెండో భాషలో కూడా రాశాం అనిపించుకోవడానికి రాశారు. బోర్డు కింద అందంగా ఉంటే చాలు. ఆ మాటే గట్టిగా అన్నాను. నా గొంతు పెరిగిందేమో, బయట వరండాలో కూర్చున్నవాళ్లు లోపలికి తొంగిచూశారు. అధికారి "మేడమ్, మేడమ్" అంటున్నాడు. బడిలో పాతికేళ్ల పైగా అరిచిన గొంతు, అంత తొందరగా తగ్గుతుందా?

బోర్డు మార్చేదాకా కదలనన్నాను. సరైన వాక్యాన్ని కాగితం మీద పెద్ద అక్షరాలతో రాసి ఇచ్చాను. మర్నాడు పెయింటరునూ, ఆ ఉద్యోగినీ ఆఫీసు బండిలో మా ఊరికి పంపారు. నేనూ ఆ బండిలోనే వెళ్లాను.

అక్కను అప్పటికి ఇంటికి తీసుకొచ్చారు. అరుగు మీద నులకమంచంలో కూర్చుని గంజి తాగుతోంది. ఆ ఉద్యోగి వచ్చి చేతులు కట్టుకుని ఆమె ముందు నిలబడ్డాడు. అతనెవరో నేను చెప్పాను. అక్క గిన్నె కింద పెట్టి అతన్ని కింది నుంచి పైదాకా చూసింది.

"తెలుగోళ్ల పిలగానివేనా బిడ్డా?"

"అవునండి."

"మరి ఏందిది?"

అతను తల దించుకున్నాడు. "తప్పయిపోయిందండి. చూసుకోలేదు."

అక్క అరవలేదు. నాలాంటిది కాదు ఆమె. నెమ్మదిగా అంది: "నాకు సదువు రాకుంటే నేను కోడలు మాట ఇంటుంటి బిడ్డా. సదువొచ్చని తాగిన."

అతను ఏడవలేదు గానీ ముఖం చిన్నబోయింది. నిజం చెప్పాలంటే, నేను ఆఫీసులో అరిచిందంతా ఆ ఒక్క మాట ముందు వట్టిదయింది. కోడలు గుమ్మంలో నిలబడి వింటోంది. వచ్చి అక్క పక్కన మంచంపట్టె మీద కూర్చుంది. "నువ్వు సరిగ్గానే చదివినవ్ అత్తా. నేనే నమ్మలే" అంది. అక్క ఆమె చేతి మీద చెయ్యేసింది.

పెయింటరు పాత అక్షరాల మీద పసుపు రంగు కొట్టి, ఆరాక, నా కాగితం చూస్తూ మళ్లీ రాశాడు. "వ" దగ్గర ఒకసారి, "ద్దు" దగ్గర ఒకసారి నేను ఆపి చూపించాను. రాయడం పూర్తయ్యాక అక్క చూస్తానంది. కోడలి భుజం పట్టుకుని అడుగులో అడుగేసుకుంటూ బోరింగు దాకా వచ్చింది. బోర్డు ముందు నిలబడి కూడబలుక్కుని చదివింది. "ఈ నీళ్లు తాగవద్దు."

మేమంతా ఆమె ముఖం చూస్తున్నాం. తృప్తిగా నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు. కోడలి వైపు తిరిగి అడిగింది.

"పైన హిందీల ఏమున్నది?"

"అదే అత్తా. తాగొద్దనే ఉంది."

"ఆ. అయితే సరే."

ఏ అక్షరాలనైతే నాయిన తడి మట్టి మీద దిద్దించాడో, ఏ అక్షరాలను ఆమె ఇన్నేళ్లు కళ్లకద్దుకుని చదువుకుందో, వాటిని నమ్మడానికి ఇప్పుడు ఆమెకు ఇంకో భాష సాక్ష్యం కావాలి. కడుపు నొప్పి నాలుగు సెలైన్లతో పోయింది. ఇది ఏ మందుతో పోతుంది? దీనికి బాధ్యులెవరని అడిగితే ఆఫీసువాళ్లు ఫోన్ అంటారు, ఫోన్ ఏమీ అనదు.

ఆ బోర్డు మా ఒక్క ఊళ్లోనే లేదని తర్వాత తెలిసింది. వరద వచ్చిన ఊళ్లన్నిటికీ అదే వాక్యం వెళ్లింది. నేను ఆఫీసుకు ఫోన్ చేస్తూనే ఉన్నాను. "చేయిస్తాం మేడమ్" అన్నారు. "చేయించడం జరుగుతుంది మేడమ్" అని కూడా అన్నారు, అదీ తెలుగులో, ఆ కుర్రాడే. కొన్నిచోట్ల మార్చారు. కొన్నిచోట్ల వానలు వెలిసి, బోరింగులు శుభ్రం చేయించాక బోర్డులే తీసేశారు. తప్పు సరిదిద్దాల్సిన పని వాళ్లకు తప్పింది. మధ్యలో ఏ ఊళ్లో ఏ ముసలమ్మ చదివి తాగిందో ఎవరికీ తెలియదు. ఎవరూ అడగలేదు. నేను అడిగితే, "మేడమ్‌కు కోపం ఎక్కువ" అన్న మాట ఆ ఆఫీసుకు కూడా పాకింది.

అవును, ఎక్కువే. తగ్గించుకోమని మా ఇంట్లో కూడా చెబుతున్నారు. తగ్గించుకునే ఉద్దేశం లేదు.

అక్క ఇప్పుడు బాగానే ఉంది. మోకాళ్ల నొప్పులు అలాగే ఉన్నాయి. చదవడం మానేస్తుందేమోనని నేను చాలా భయపడ్డాను. మానలేదు. కాకపోతే ఒక్కతే చదవదు. ఊళ్లోకి ఏ కొత్త కాగితం వచ్చినా, దోమల మందు గురించి గానీ, టీకాల గురించి గానీ, గోడకు అంటించిన వెంటనే కోడల్ని కేకేస్తుంది. కోడలు పైన హిందీ చదివి అర్థం చెబుతుంది. అక్క కింద తెలుగు చదువుతుంది. రెండూ ఒకటైతేనే ఆ ఇంట్లో ఆ పని జరుగుతుంది. కోడలు ఆమె వెనక నిలబడి అక్షరాలు చూసీ చూసీ, కొన్ని గుర్తుపట్టడం మొదలుపెట్టిందట. "ఇది ద్దు, ఇది చ్చు" అని వేలు పెట్టి చూపిస్తోందని అక్క ఫోన్‌లో చెప్పింది.

పోయినవారం టీకాల కాగితం ఒకటి అంటించారు. హిందీలో పిల్లల్ని తప్పకుండా తీసుకురమ్మని ఉంది. తెలుగులో "పిల్లలను తీసుకొని వచ్చారు" అని ఉంది. వచ్చారట! ఎవరు వచ్చారు, ఎప్పుడు వచ్చారు? అత్తాకోడళ్లు ఫోటో తీసి నాకు పంపారు. అప్పుడు నేను పప్పు తాలింపు వేస్తున్నాను. పొయ్యి కట్టేసి, అంటించినవాళ్ల నంబరు వెతికి ఫోన్ చేశాను. అవతల ఎవరో ఎత్తి, "చెప్పండి మేడమ్, ఏమిటి విషయం?" అన్నారు. కుర్చీ లాక్కుని కూర్చుని, మొదటి నుంచి చెప్పడం మొదలుపెట్టాను.